169.254 అని వస్తోందా? ఫార్మాట్ జోలికి పోకముందు ఈ రెండు పరీక్షలు చెయ్యండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పాలకొల్లులో మీకు ఎరువుల షాపు ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫైబర్ రూటర్, మధ్యలో కేబుళ్లన్నిటినీ కలిపే ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్. మొన్న గాలివానకి కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి బిల్లింగ్ కంప్యూటర్‌కి మాత్రం నెట్ రావడం లేదు. 'అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్' అని చూపిస్తోంది, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉండే నంబరు) చూస్తే 169.254తో మొదలవుతోంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి, ఫోన్లకి వైఫై కూడా వస్తోంది. రిపేరు చేసే అబ్బాయి వచ్చి విండోస్ మళ్లీ వెయ్యాలి, అప్పటికీ రాకపోతే మదర్‌బోర్డు పోయినట్టే అన్నాడు. చేయించాలా వద్దా?

ఇప్పుడప్పుడే ఏదీ చేయించకండి. 169.254తో మొదలయ్యే నంబరు వచ్చిందంటే కంప్యూటర్ చెడిపోయిందని కాదు, అది అడ్రస్ కోసం అడిగితే జవాబు రాలేదని మాత్రమే. ఆ జవాబు ఎక్కడ ఆగిపోయిందో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. ఒకటి, అదే కేబుల్ ఊడదీసి నెట్ బాగా వస్తున్న ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడటం. రెండోది, మీ బిల్లింగ్ కంప్యూటర్‌కి అడ్రస్ మనమే చేత్తో ఇచ్చి రూటర్‌ని పింగ్ చెయ్యడం, అంటే దాన్ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూడటం. ఈ రెండూ కలిపి అరగంట పని. గాలివాన తర్వాతే మొదలైంది అంటున్నారు కాబట్టి నా అనుమానం ముందు స్విచ్ పోర్టు మీద, తర్వాత కేబుల్ చివరి కనెక్టరు మీద, ఆ తర్వాత కంప్యూటర్ వెనక నెట్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు మీద. విండోస్ మీద అనుమానం అన్నిటికంటే చివర. పైగా బిల్లింగ్ మెషీన్ అంటున్నారు, అందులో టాలీ డేటా ఉంటుంది. బ్యాకప్ లేకుండా దాన్ని ఫార్మాట్‌కి ఇవ్వడం అసలు మంచిది కాదండి.

నేను అమలాపురంలో ఉంటూ కోనసీమలోనూ, వశిష్ఠ దాటి నరసాపురం, భీమవరం వైపూ షాపులకి, రైస్ మిల్లులకి, స్కూళ్లకి నెట్‌వర్క్ వైరింగ్ చేస్తుంటాను. ఈ 169.254 ఫిర్యాదు వర్షాకాలం మొదలైన దగ్గర్నుంచి తరచుగా వస్తూనే ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకుంటే మిగతాది సులువుగా ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అవ్వగానే దానికి అడ్రస్ ఉండదు, అడ్రస్ ఇచ్చేవాడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. అందుకని ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది, దాన్నే డిస్కవర్ అంటారు. రూటర్‌లో అడ్రస్‌లు పంచే భాగం, అంటే డీహెచ్‌సీపీ సర్వర్, అది విని 'ఈ నంబరు ఖాళీగా ఉంది, తీసుకో' అని ఆఫర్ పంపుతుంది. కంప్యూటర్ 'సరే, అదే ఇవ్వు' అని రిక్వెస్ట్ పెడుతుంది, రూటర్ 'నీకే ఇచ్చాను, ఇన్ని గంటలు వాడుకో' అని అక్నాలెడ్జ్ చేస్తుంది. నాలుగు మాటల్లో పని అయిపోతుంది, అంతా సవ్యంగా ఉంటే ఒకటి రెండు సెకన్లు కూడా పట్టదు. ఈ నాలుగింట్లో ఏది దారిలో పోయినా కంప్యూటర్ కాసేపు ఎదురుచూసి, తనకి తానే 169.254తో ఒక నంబరు పెట్టుకుంటుంది. విండోస్ 98 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ఆ నంబరుతో బయట ఇంటర్నెట్‌కి వెళ్లడం కుదరదు. కాకపోతే కంప్యూటర్ అడగడం అంతటితో మానేయదు, విండోస్ సుమారు ఐదు నిమిషాలకొకసారి మళ్లీ ప్రయత్నిస్తుంది. అందుకే కొన్నిసార్లు ఏమీ చెయ్యకుండానే కాసేపటికి నెట్ వచ్చేస్తుంది. కరెంటు వచ్చిన వెంటనే కంప్యూటర్ రూటర్ కంటే ముందు లేచి అడిగేసి ఉంటుంది, అంతే.

శివారు చేలకి నీళ్లు అందకపోతే మనం ముందు ధవళేశ్వరం వెళ్లి అడగం కదా, మన బోదె పూడిందేమో చూసుకుని అక్కడ్నుంచి పైకి నడుచుకుంటూ వెళ్తాం. ఇదీ అంతే. కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టి కేబుల్, స్విచ్, రూటర్ అని వరసగా వెళ్లాలి.

ఇక్కడ మీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపింది. 'మిగతా మూడూ పనిచేస్తున్నాయి కాబట్టి రూటర్ బాగానే ఉన్నట్టే కదా' అన్నారు. అలా ఖాయం చేసుకోవడానికి లేదు. రూటర్ ఇచ్చే అడ్రస్‌కి గడువు ఉంటుంది, లీజు అంటారు, చాలా ఇళ్ల రూటర్లలో అది 24 గంటలు. కంప్యూటర్ సగం గడువు అయ్యాక పొడిగించమని అడుగుతుంది, జవాబు రాకపోయినా గడువు తీరేదాకా పాత నంబరుతోనే నెట్ వాడుకుంటుంది. అంటే రూటర్‌లో అడ్రస్‌లు ఇచ్చే భాగం ఒక్కటీ స్తంభించిపోయినా, ముందే అడ్రస్ తీసుకున్నవాళ్లకి ఆ రోజంతా తేడా తెలియదు, కొత్తగా అడిగినవాడికి మాత్రం దొరకదు. మీ సమస్య మొదలై అప్పుడే రెండు మూడు రోజులైంది కాబట్టి మీ విషయంలో ఇది కాకపోవచ్చు. అయినా ఖాయం చేసుకోవడానికి ఒక చిన్న పని చెయ్యండి. ఇంతవరకు మీ వైఫైకి ఎప్పుడూ కలపని ఫోన్ ఒకటి తెచ్చి కలపండి. దానికి అడ్రస్ వస్తే రూటర్ ఇస్తోందన్నమాట. బాగున్న కంప్యూటర్‌లో రిలీజ్, రెన్యూ (ఉన్న అడ్రస్ వదిలి మళ్లీ అడిగే కమాండ్లు) కొట్టి పరీక్షించవద్దు, తేడా వస్తే అది కూడా ఆగిపోయి కౌంటర్ దగ్గర రైతులు నిలబడిపోతారు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఫోన్ వైఫైలో వస్తుంది, అంటే నేరుగా రూటర్‌తో మాట్లాడుతుంది. మీ బిల్లింగ్ కంప్యూటర్ కేబుల్, స్విచ్ దాటి రావాలి. ఫోన్‌కి వచ్చింది కాబట్టి కేబుల్ బాగుందని అనుకోకూడదు.

పరీక్షలకి ముందు అన్నిటికీ ఒకసారి కరెంటు తీసి పెట్టండి. ఇది తేలిగ్గా తీసుకునే పని కాదు, మన వైపు వోల్టేజీ పడి లేచినప్పుడు చిన్న స్విచ్‌లు సగంలో ఇరుక్కుపోవడం మామూలే. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, డేటా మాత్రం కదలదు. రూటర్, స్విచ్ రెండిటి అడాప్టర్లూ ప్లగ్‌లోంచి పీకి ఒక నిమిషం ఆగండి. ముందు రూటర్ పెట్టండి, దాని మీద ఫైబర్ కలిసిందని చూపించే పాన్ (PON) లైటు నిలకడగా వెలిగేదాకా ఆగి తర్వాత స్విచ్, ఆ తర్వాత కంప్యూటర్. కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యడం కాదు, రీస్టార్ట్ కొట్టండి. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా డ్రైవర్ల స్థితిని డిస్కులో దాచిపెట్టి మళ్లీ అదే లేపుతుంది. రీస్టార్ట్ కొడితేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది.

ఇప్పుడు మొదటి పరీక్ష. బిల్లింగ్ కంప్యూటర్ వెనక కేబుల్ పెట్టిన చోట రెండు చిన్న లైట్లుంటాయి. అసలు వెలగడం లేదా, వెలిగి నిలకడగా ఉందా, వెలిగి ఆరుతూ మళ్లీ మళ్లీ మొదటికొస్తోందా చూడండి. స్విచ్ వైపు కూడా ఆ పోర్టు లైటు చూడండి. తర్వాత ఆ కేబుల్ తీసి పక్క కంప్యూటర్‌కి పెట్టండి. దానికీ అడ్రస్ రాకపోతే మీ బిల్లింగ్ కంప్యూటర్ నిర్దోషి. అప్పుడు స్విచ్‌లో ఆ కేబుల్ ఉన్న పోర్టు మార్చి చూడండి. పోర్టు మారిస్తే వచ్చిందా, ఆ పోర్టు పోయింది, దాని మీద టేపు అంటించి వదిలెయ్యండి, మీకు ఇంకా పోర్టులు ఖాళీ ఉన్నాయి. మార్చినా రాలేదా, కేబుల్ సంగతి చూడాలి. పక్క కంప్యూటర్‌కి ఆ కేబుల్‌తో శుభ్రంగా వచ్చేస్తే మాత్రం లోపం బిల్లింగ్ మెషీన్‌లోనే ఉంది, రెండో పరీక్షకి వెళ్లాలి.

లైటు వెలుగుతోంది కాబట్టి కేబుల్ బాగుందని చాలామంది అక్కడితో వదిలేస్తారు. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, 100 ఎంబీపీఎస్ వేగానికి వాటిలో నాలుగే పనిచేస్తాయి, 1, 2, 3, 6 నంబర్లవి, అంటే నారింజ జత, ఆకుపచ్చ జత. గిగాబిట్ వేగానికి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక తీగ అంటీ అంటనట్టు ఉంటే రెండు వైపులా గిగాబిట్ కోసం ప్రయత్నించి, కుదరక, మళ్లీ మొదలుపెడుతూ ఉంటాయి. ఆ గందరగోళంలో డిస్కవర్ పోతుంది. దీన్ని పట్టుకోవడానికి డివైస్ మేనేజర్‌లో ల్యాన్ కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో 'స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్'ని 100 ఎంబీపీఎస్ ఫుల్ డ్యూప్లెక్స్‌కి మార్చి చూడండి. అలా పెట్టగానే అడ్రస్ వచ్చిందంటే దాదాపుగా తీగల లోపమే. కొత్త కనెక్టరు కొట్టించి సెట్టింగు మళ్లీ ఆటోకి తెచ్చేయండి.

సముద్రం దగ్గర ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. అంతర్వేది వైపు ఒక ఆక్వా ల్యాబులో ఇదే ఫిర్యాదు మీద వెళ్లాను. కనెక్టరు ఊడదీసి టార్చి వేసి చూస్తే బంగారు రంగులో మెరవాల్సిన ఆ ఎనిమిది పిన్నుల మీద రెండింటికి లేత ఆకుపచ్చ పొర పట్టింది, గోటితో గీకితే పొడిలా రాలింది. ఉప్పు గాలికి రాగి తుప్పు పట్టడం అది. కనెక్టరు ఒకసారి పీకి పెడితే ఆ రాపిడికి కాస్త అంటుకుని పూట రెండు పూటలు పనిచేసేదట, మళ్లీ ఆగిపోయేదట, దాంతో వాళ్లు అప్పటికే ఒకసారి విండోస్ వేయించుకున్నారు. కేబుల్ కొంచెం కోసి లోపలి మెరిసే రాగి దాకా వెళ్లి కొత్త కనెక్టర్లు రెండు వైపులా కొడితే సరిపోయింది. మీ షాపులో ఎరువుల బస్తాలుంటాయి, ఆ గదిలో గాలీ లోహానికి మంచిది కాదు, ముఖ్యంగా తేమ పట్టినప్పుడు. స్విచ్, కనెక్టర్లు గోడౌన్ వైపు గదిలో ఉంటే వాటిని తప్పకుండా ఊడదీసి చూడండి.

కనెక్టరు కొట్టించేటప్పుడు రంగుల వరస చెప్పి చేయించుకోండి: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు వైపులా ఇదే వరస. కొందరు తమకి గుర్తున్న వరస ఏదో రెండు వైపులా ఒకేలా కొట్టేస్తారు. దగ్గర్లో అయితే పనిచేస్తుంది కూడా, దూరం పెరిగాక జతలు కలిసిపోయి సిగ్నల్ పాడవుతుంది. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా దొరుకుతుంది కానీ వంపుల దగ్గర లోపల తెగిపోతుంది, పైకి ఏమీ కనబడదు.

దూరం మాట వచ్చింది కాబట్టి, ల్యాన్ కేబుల్‌కి 100 మీటర్లు హద్దు. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో ఆఫీసు నుంచి కాటా గదికి కేబుల్ లాగారు. కొబ్బరి చెట్ల మీదుగా, మోటార్ల కరెంటు తీగల పక్కనే, చూస్తేనే 100 మీటర్లు దాటినట్టు తెలుస్తోంది. పొద్దున మిల్లు నడవక ముందు కంప్యూటర్ ఆన్ చేస్తే అడ్రస్ వచ్చేది, మోటార్లు మొదలయ్యాక ఆన్ చేస్తే 169.254. అక్కడ ఎన్ని కమాండ్లు కొట్టినా లాభం లేదు. రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ల్యాన్ కేబుల్‌ని ఫైబర్‌తో కలిపే డబ్బాలు) పెట్టి మధ్యలో ఫైబర్ లాగాం. ఫైబర్‌కి మోటార్ల గోల తగలదు, పిడుగు పడినా దాని మీదుగా కరెంటు లోపలికి రాదు.

రెండో పరీక్ష. కేబుల్ బాగుందని తేలాక, బిల్లింగ్ కంప్యూటర్‌లో అడ్రస్ చేత్తో ఇవ్వాలి. ముందు బాగున్న కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి (కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చెయ్యాలి, నేను పలికినట్టు రాస్తున్నాను). అక్కడ ఐపీ 192.168.1.5 అనీ, డిఫాల్ట్ గేట్‌వే (అంటే రూటర్ నంబరు) 192.168.1.1 అనీ ఉందనుకుందాం. అప్పుడు ఎవరూ వాడని నంబరు, ఉదాహరణకి 192.168.1.250 ఎంచుకుని, అదే కంప్యూటర్ నుంచి దాన్ని ఒకసారి పింగ్ చేసి జవాబు రావడం లేదని చూసుకోండి. తర్వాత బిల్లింగ్ కంప్యూటర్‌లో ల్యాన్ కార్డు ఐపీవీ4 సెట్టింగులకి వెళ్లి ఐపీ 192.168.1.250, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 ఇచ్చి ఓకే కొట్టండి. అన్నట్టు ఆ పెట్టె తెరిచినప్పుడే ఒకటి గమనించండి, అక్కడ ముందే ఎవరో నంబర్లు నింపి ఉంచారేమో. 'అబ్టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ' అనేది ఎంచుకుని లేకపోతే అసలు కంప్యూటర్ అడగడమే లేదన్నమాట. మీకు 169.254 వస్తోంది కాబట్టి అడుగుతూనే ఉండాలి, అయినా చూడటానికి ఖర్చేం లేదు.

ఇప్పుడు పింగ్ 192.168.1.1 కొట్టండి. జవాబు జాగ్రత్తగా చదవండి. 'రిప్లై ఫ్రమ్ 192.168.1.1' అని వచ్చి పక్కన టైమ్ చూపిస్తే పింగ్ వెళ్లినట్టు. 'రిప్లై ఫ్రమ్ 192.168.1.250: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని వస్తే అది రూటర్ జవాబు కాదు, మీ కంప్యూటర్ తనకి తానే చెప్పుకుంటున్న మాట. రిప్లై అనే మాట, కింద 'లాస్ట్ = 0' (పోయినవి సున్నా) చూసి సరిపోయిందనుకునేవాళ్లని చాలామందిని చూశాను.

పింగ్ వెళ్లకపోతే లోపం ల్యాన్ కార్డులోనో దాని డ్రైవర్‌లోనో ఉంది. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డుని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యండి, విండోస్ మళ్లీ దాన్ని గుర్తిస్తుంది. అదే పేజీలో పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్కు తీసెయ్యండి. అప్పటికీ పింగ్ లేకపోతే పోర్టు పోయిందని అనుకోవచ్చు. పిడుగుపాటు ప్రభావం కేబుల్ గుండా వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది, పోర్టులోని పంపే భాగమో అందుకునే భాగమో ఒకటే పోయి లైటు మాత్రం వెలుగుతూ ఉంటుంది. అప్పుడు కూడా మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. యూఎస్‌బీకి పెట్టే ల్యాన్ అడాప్టర్ ఒకటి గానీ, లోపల స్లాట్ ఉంటే పీసీఐ ల్యాన్ కార్డు గానీ కొంటే సరిపోతుంది, మదర్‌బోర్డు ధరతో పోలిస్తే అది ఏపాటిది. పాత పోర్టుని బయోస్‌లో డిసేబుల్ చెయ్యండి.

పింగ్ శుభ్రంగా వెళ్లి, ఆటోమేటిక్‌లో పెడితే మాత్రం రావడం లేదంటే అప్పుడు నిజంగా డీహెచ్‌సీపీ సమస్యే. అందులో నేను చూసే వరస ఇదీ.

మొదట విండోస్‌లో డీహెచ్‌సీపీ క్లయింట్ అనే సర్వీసు నడుస్తోందా చూడాలి. సర్వీసెస్ తెరిచి అది 'రన్నింగ్', 'ఆటోమేటిక్'లో ఉందో లేదో చూడండి. కంప్యూటర్ స్పీడు పెంచుతామని చెప్పే కొన్ని సాఫ్ట్‌వేర్లు అవసరం లేని సర్వీసులంటూ దీన్ని కూడా ఆపేస్తాయి.

తర్వాత యాంటీవైరస్. గడువు తీరినదో, సగం అన్‌ఇన్‌స్టాల్ అయినదో ఉంటే దాని ఫైర్‌వాల్ ముక్క ఇంకా ల్యాన్ కార్డుకి అతుక్కుని ఉంటుంది. డీహెచ్‌సీపీ యూడీపీ 67, 68 పోర్టుల మీద నడుస్తుంది (ఇవి కేబుల్ పెట్టే పోర్టులు కావు, సాఫ్ట్‌వేర్ దారుల నంబర్లు), అది వాటిని ఆపేసిందంటే పింగ్ వెళ్తుంది, అడ్రస్ రాదు. ల్యాన్ కార్డు ప్రాపర్టీస్‌లో ఉన్న జాబితాలో మైక్రోసాఫ్ట్‌వి కాని ఫిల్టర్ పేర్లు కనబడితే టిక్కు తీసి చూడండి. వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు కూడా ఇలాంటివి వదిలిపెట్టి వెళ్తుంటాయి.

ఆ తర్వాత రూటర్‌లో అడ్రస్‌లు అయిపోయాయేమో చూడాలి. ఇది షాపుల్లో తక్కువ, జనం వచ్చే చోట్ల ఎక్కువ. రావులపాలెం దగ్గర ఒక ఫంక్షన్ హాలులో ముహూర్తాల రోజుల్లో మాత్రం ఆఫీసు కంప్యూటర్‌కి నెట్ పోయేది, మామూలు రోజుల్లో బాగానే ఉండేది. రూటర్‌లో చూస్తే అడ్రస్‌ల పరిధి 192.168.1.100 నుంచి 149 వరకే, అంటే మొత్తం 50. వైఫై పాస్‌వర్డు గోడకి అంటించారు, పెళ్లికొచ్చిన ఫోన్లు అన్నీ తలా ఒకటి తీసుకున్నాయి, లీజు 24 గంటలు కాబట్టి వాళ్లు భోజనం చేసి వెళ్లిపోయినా ఆ నంబర్లు ఖాళీ అవ్వలేదు. పరిధి 20 నుంచి 240 దాకా పెంచి, లీజు రెండు గంటలకి తగ్గించి, ఆఫీసు కంప్యూటర్‌కి విడిగా ఒక నంబరు రిజర్వ్ చేశాం. ఈ మధ్య ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) దాచి నెట్‌వర్క్‌కొకటి చొప్పున కల్పించుకుంటున్నాయి, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి అదే పద్ధతి. ఆ కల్పిత అడ్రస్ మారిన ప్రతిసారీ రూటర్ దాన్ని కొత్త మనిషిగానే లెక్కేస్తుంది. జనం ఎక్కువగా వచ్చే చోట ఈ ఒక్క కారణానికి కూడా పరిధి పెద్దదిగా పెట్టుకోవడం మంచిది.

రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (ఆ గుర్తింపు నంబరు చూసి పరికరాన్ని ఆపే సెట్టింగు) ఎవరైనా పెట్టారేమో కూడా ఒకసారి చూడండి, పిల్లల ఫోన్ ఆపడానికి పెట్టినది ఇంకోదాన్ని ఆపేస్తుంటుంది.

ఇక రెండో రూటర్. భీమవరంలో ఒక రొయ్యల మేత ఏజెన్సీలో కొన్ని కంప్యూటర్లకి 192.168.1తో, కొన్నిటికి 192.168.0తో అడ్రస్‌లు వస్తున్నాయి, ఏ పూటకి ఏది ఆగిపోతుందో తెలియదు. పై గదిలో వైఫై అందడం లేదని ఎవరో ఇంట్లో ఉన్న పాత రూటర్ తెచ్చి స్విచ్‌కి కలిపారు. కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులో పెట్టారు, దాని డీహెచ్‌సీపీ ఆఫ్ చెయ్యలేదు. ఇక అక్కడ అడ్రస్‌లు ఇచ్చేవాళ్లు ఇద్దరయ్యారు. కంప్యూటర్ కేక వేస్తే ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరు తీసుకుంటుంది. ఆ పాత రూటర్‌కి బయట నెట్ లేదు కాబట్టి దాని దగ్గర తీసుకున్నవాడికి అడ్రస్ ఉంటుంది, నెట్ ఉండదు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొడితే 'డీహెచ్‌సీపీ సర్వర్' అనే వరస కనబడుతుంది, అన్ని కంప్యూటర్లలోనూ అక్కడ ఒకే నంబరు ఉండాలి. తేడా ఉంటే ఆ రెండోది ఎక్కడుందో వెతికి దాని డీహెచ్‌సీపీ ఆపాలి. మీది 169.254 కాబట్టి మీకు ఇది కాదు, కానీ మీలాంటి షాపుల్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే.

స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు చివర్లూ పెట్టేసినా ఇంతే, తుడిచేటప్పుడు ఊడిన కేబుల్‌ని ఖాళీ పోర్టు కనబడిందని అందులో పెట్టేస్తారు. అప్పుడు స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా మెరుస్తుంటాయి, అందరికీ నెట్ పోతుంది.

ఇవన్నీ చూశాకే కమాండ్లు. కమాండ్ ప్రాంప్ట్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ. రెన్యూ దగ్గర చాలాసేపు ఆగి 'అన్‌ఏబుల్ టు కాంటాక్ట్ యువర్ డీహెచ్‌సీపీ సర్వర్' అంటే జవాబు రాలేదని. అప్పుడు విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులని మొదటికి తెచ్చే నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్, నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్ కొట్టి రీస్టార్ట్ చెయ్యండి. ఇక చివరిది సెట్టింగ్స్‌లో ఉండే నెట్‌వర్క్ రీసెట్. అది కార్డులన్నీ తీసి మళ్లీ వేస్తుంది, వైఫై పాస్‌వర్డులు, వీపీఎన్ సెట్టింగులు పోతాయి, చేత్తో ఇచ్చిన అడ్రస్‌లు కూడా పోతాయి, ముందే రాసి పెట్టుకోండి. ఫార్మాట్ చేస్తే వచ్చే లాభం ఏదైనా ఉంటే అందులో చాలా భాగం ఈ ఒక్క మెట్టులోనే వచ్చేస్తుంది, టాలీ డేటా ముట్టుకోకుండా.

రెండో పరీక్షలో 192.168.1.250 ఇవ్వగానే నెట్ వచ్చేస్తే, 'ఇంకేం, ఇలాగే ఉంచేద్దాం' అనిపిస్తుంది. సీజన్‌లో రద్దీగా ఉంటే నాలుగు రోజులు అలా నడపండి, తప్పు లేదు, అదే పెట్టెలో డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరుకి నంబరు వెతికి ఇచ్చేది) దగ్గర కూడా రూటర్ నంబరే ఇస్తే సరి. కానీ దాన్ని శాశ్వతం చెయ్యకండి. అదే నంబరు రూటర్ పరిధిలో ఉంటే రేపు అది ఇంకో ఫోన్‌కి ఇచ్చే అవకాశం ఉంది, అప్పుడు ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని రెండూ ఆగుతాయి. రేపు రూటర్ మార్చి కొత్తది 192.168.0తో వస్తే ఈ మెషీన్ ఒక్కటే ఆగిపోతుంది, కారణం ఎవరికీ గుర్తుండదు. బిల్లింగ్ మెషీన్‌కి ఎప్పుడూ ఒకే నంబరు కావాలంటే రూటర్‌లోనే అడ్రస్ రిజర్వేషన్ పెట్టండి, కంప్యూటర్ మాత్రం ఆటోమేటిక్‌లోనే ఉండాలి. ప్రింటర్లకీ ఇదే పద్ధతి.

కాలేజీల్లో, పెద్ద ఆఫీసుల్లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల స్విచ్) ఉన్న చోట స్పానింగ్ ట్రీ, అంటే కేబుళ్లు చుట్టు తిరిగి కలిశాయేమో చూసే ఏర్పాటు, వల్ల పోర్టు వెలిగాక కూడా 30 సెకన్ల దాకా డేటా వదలదు, 15 వినడానికి, 15 నేర్చుకోవడానికి. ఆ లోపల కంప్యూటర్ అడిగి విసిగి 169.254 పెట్టేసుకుంటుంది. కంప్యూటర్లు ఉన్న పోర్టులకి పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆగడం లేకుండా చేసే సెట్టింగు) పెడితే ఆ సమస్య పోతుంది. పోర్టు తప్పు వీల్యాన్‌లో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) ఉన్నా ఇదే లక్షణం. ల్యాబులో ఒక్క వరస కంప్యూటర్లకే రావడం లేదంటే ముందు ఆ రెండూ చూడండి.

మీ షాపు సంగతికొస్తే, రేపు పొద్దున షాపు తెరిచే ముందు చెయ్యాల్సింది ఇంతే: రూటర్, స్విచ్ పీకి పెట్టడం, ఆ కేబుల్ పక్క కంప్యూటర్‌కి పెట్టి చూడటం, స్విచ్‌లో పోర్టు మార్చడం. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే రెండో పరీక్ష చేసి పింగ్‌కి వచ్చిన జవాబు వరస ఉన్నదున్నట్టు రాయండి, ల్యాన్ పోర్టు లైట్లు ఎలా ఉన్నాయో కూడా. స్విచ్‌లో ఒక పోర్టు పోయిందని తేలితే మిగతా వాటిని కొన్నాళ్లు కనిపెట్టి ఉండండి, పిడుగు దెబ్బ తిన్న స్విచ్‌లో పోర్టులు ఒక్కొక్కటే పోతూ ఉంటాయి, రెండోది పోయిందంటే ఇక ఆ స్విచ్‌ని తీసెయ్యడమే. ఉరుములు మొదలయ్యాయంటే అడాప్టర్లతో పాటు బయట నుంచి వచ్చే ల్యాన్ కేబుల్ కూడా పీకెయ్యండి. కరెంటు ప్లగ్ ఒక్కటి తీస్తే చాలదు, మా వైపు పోయిన పోర్టుల్లో ఎక్కువ భాగం కేబుల్ వైపు నుంచి పోయినవే.